లోపలికి దిగే క్రీము

8 జూన్ 2003, ఆదివారం
చర్చి అయ్యాక గుడివాడలో మీటింగ్. నన్ను ఈ గొలుసుకట్టు అమ్మకాల్లో చేర్చిన మా అప్‌లైన్ సుందరరాజు గారు గంట సేపు వాయించారు. వయసు మీరితే ఆడవాళ్ళకి హార్మోన్ తగ్గి చర్మం ఎండిపోతుందిట. సోయాలో దానికి చుట్టంలాంటిది ఉందిట, ప్లాంట్ ఈస్ట్రోజెన్. అది కలిపిన క్రీము ముఖానికి పూస్తే నునుపు తేలుతుందిట. నాకు నలభై ఎనిమిది. మొదటి సీసా నేనే కొన్నాను.

29 జూన్
బుగ్గలు నిజంగానే మెత్తబడ్డాయి. బందరులో నా ఈడు వాళ్ళెవరూ కొనరు. పసుపు ఉండగా ఇదెందుకంటారు.

15 జూలై
మాకు చేపలు తెచ్చే దుర్గ వాళ్ళ ఊరు మంగినపూడి తీసుకెళ్ళింది. పట్టుకెళ్ళిన సీసాలన్నీ అమ్ముడుపోయాయి! పోలమ్మ అనే ఆవిడని పెద్దమ్మగారూ అని పిలిచాను. ముప్పై ఒకటిట. నాలుక కరుచుకున్నాను. కొన్నవాళ్ళందరికీ గర్భసంచి తీసేశారు. నడుం నొప్పికీ అదే వైద్యం, తెల్లబట్టకీ అదే. ఒళ్ళంతా సెగలక్కా, నిద్ర పట్టదు అని ఒకటే గోడు. లోపల పోయినదాన్ని ఈ క్రీము మళ్ళీ ఇస్తుందన్నాను. నోటికొచ్చింది, అనేశాను.

16 జూలై
నర్సుగా చేసే మా చెల్లెలు కృపమ్మకి ఫోన్ చేశాను. గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేసి ఉంటారు, వాటికి ఏ క్రీమూ సాటి రాదు, బుద్ధి లేదా నీకు అని తిట్టింది.

3 ఆగస్టు
దుర్గకి తెల్లబట్ట. ఇరవై ఏడేళ్ళ పిల్లకి ఆర్ఎంపీ ఆపరేషన్ అన్నాడుట. నేనే లేడీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఇన్ఫెక్షనే, మాత్రలతో పోతుంది, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ మింగాలి అంది ఆవిడ. ప్రాణం లేచొచ్చింది.

4 ఆగస్టు
దుర్గ మొగుడు రాంబాబు మాత్రలు విసిరికొట్టాడుట. ఆడరోగానికి నేను మింగేదేంటన్నాడుట.

30 ఆగస్టు
జబ్బు తిరగబెట్టింది. రాక ఏం చేస్తుంది? ఎల్లుండే ఆపరేషన్. వద్దే, పోలమ్మలా అయిపోతావు అని అరిచాను. దుర్గ నవ్వింది. నీ క్రీముందిగా అక్కా, పోయింది మళ్ళీ ఇస్తుందని నువ్వే చెప్పావుగా, ఆ ధైర్యంతోనే ఒప్పుకున్నా అంది.

31 ఆగస్టు
మళ్ళీ వెళ్ళాను. అది ఉత్త చర్మానికేనే, అమ్ముకోవడానికి అలా అన్నానే అని ఏడ్చాను. నమ్మలేదు. మాలాంటోళ్ళకి ఇవ్వడం నీకిష్టం లేదా అక్కా అంది.

12 సెప్టెంబరు
దుర్గని చూసొచ్చాను. క్రీము ముఖానికి రాసుకోవడం లేదు. చీర కుచ్చిళ్ళు దించి, కుట్ల మీద మెల్లగా మర్దనా చేసుకుంటోంది. లోపలికి దిగాలిగా అక్కా అంది.