సీలు వేసిన సీసా

ఫోను ఎత్తనని పంతం పట్టిన నా సాయిలతకు,

ఓడ మీద నుంచి నీ సంపత్ రాస్తున్నాను. పెళ్ళయ్యాక నీకు నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. ప్రేమతో రాయాల్సింది విసుగుతో రాస్తున్నాను. ఎన్నిసార్లు చేసినా నువ్వు ఎత్తవు. సంజన ఎత్తితే వెనక నుంచి "పెట్టెయ్యి బిడ్డా" అని నీ గొంతే వినబడుతుంది. మన లింగంపేట భీమేష్ కాంట్రాక్టు ముగించుకుని ఇంటికి వస్తున్నాడు, అతని చేతికే ఇస్తున్నాను. చించేదేదో చదివాక చించు.

మీ అనిలక్క నీకు ఏం చెప్పి ఉంటుందో నాకు తెలుసు. మామ అంత దూరం నుంచి మోసుకొచ్చిన సీసా నేను లాక్కున్నానని, పదిమందిలో ఆయనెవరో తెలియదన్నానని. నిజమే. లాక్కున్నాను, తెలియదన్నాను. కానీ తగువు అన్నాక రెండువైపులా వినాలి గదా. మీ ఇంట్లో ఆ అలవాటు లేదు, అందుకే కాగితం మీద పెడుతున్నాను.

నా పని ఏమిటో నీకు సగమే తెలుసు. ముంబయిలో ఓడ ఎక్కే చోట ఒక మిషన్ ఉంటుంది, జనం తెచ్చిన సంచులన్నీ దాంట్లోంచి పోతాయి, నేను తెర మీద చూస్తాను. ఎక్కే రోజున మనిషికో వైన్ సీసా తెచ్చుకోవచ్చు. దానికి సీలు ఉండాలి. బ్రాందీ, విస్కీ దొరికితే చీటీ కట్టి దాచి, దిగే రోజు తిరిగి ఇస్తాం. ఇంట్లో చేసుకొచ్చిందైతే పారబోయడమే. ఇంత చిన్న సంగతి చదువుకున్నవాళ్ళకు కూడా ఎక్కదు. షాంపూ డబ్బాలో ఓడ్కా తెస్తారు, కొబ్బరినూనె సీసాలో రమ్ము తెస్తారు. మొన్న ఒక పెద్దమనిషి వాళ్ళమ్మ గంగాజలం చెంబులో మందు పోసుకొచ్చి, మూత తీయబోతే తీర్థం ముట్టుకోవద్దన్నాడు. కల్లు గీసే ఇంటి అల్లుణ్ణి, నా ముక్కుకు తీర్థమేదో తెలియదా? రోజంతా ఇదే గోల. పట్టుకుంటే తిడతారు, వదిలితే మా పెద్ద సారు తిడతాడు. ముందుకు పోతే గొయ్యి, వెనక్కి పోతే నుయ్యి.

అందుకే మీ దేవేందర్ బావ అనిలక్కకూ మీ బాపుకూ ఓడ టికెట్లు తీశాడని నువ్వు చెప్పిన రోజే నేను చిలక్కి చెప్పినట్టు చెప్పాను. తెస్తే వైన్ సీసానే తేవాలి, సీలు ఉండాలి, సీలు లేకుంటే దేవుడు దిగి వచ్చినా లోపలికి పంపను అని. చెప్పానా లేదా?

ఇంకొక సంగతి కూడా చెబుతాను, ఇది అనిలక్కకు తెలియదు. మావాళ్ళు ఓడ ఎక్కుతున్నారంటే మేం ముందే పైవాళ్ళకు చెప్పాలి. చెబితే ఆ రోజు నన్ను మిషన్ దగ్గర నిలబడనివ్వరు. నేను చెప్పలేదు. ఎందుకో తెలుసా? మామ మెట్లెక్కి వచ్చేసరికి తెల్లబట్టల్లో నేనే ఎదురుగా ఉండాలని. పిల్లనిచ్చేటప్పుడు ఈయన ఓడ మీద ఏం చేస్తాడని పదిసార్లు అడిగాడు గదా, కళ్ళారా చూస్తాడని. నా బుద్ధి గడ్డి తిని అనుకున్నాను.

వచ్చాడు. ఎండలో వరుస ఎంత పొడుగుందో చెప్పలేను. దేవేందర్ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ముందు, అనిలక్క వెనక, మధ్యలో మీ బాపు. తడి తువ్వాలలో ఏదో చుట్టి చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఉన్నాడు. మిషన్‌లో పెట్టమంటే పెట్టడు. నన్ను చూసి ముఖమంతా నవ్వాడు. నేను కళ్ళతో వద్దని సైగ చేశాను. "అది ఇటు ఇవ్వు తాతా" అన్నాను. తాత అన్నాను, మామా అనలేదు, ఇది కూడా రాసిపెట్టుకో.

తువ్వాల విప్పితే వైన్ సీసానే. కంపెనీ చీటీ కూడా ఉంది. కానీ బిరడా మీద కొవ్వొత్తి కరిగించి పోసిన మైనం, దాని చుట్టూ ఈతనార కట్టు. ఆ కట్టు ఎక్కడున్నా నేను గుర్తుపడతాను. అప్పుడే మీ బాపు వంగి, "అల్లుడా, జర పైలం, లోపట పొంగుతున్నది" అన్నాడు. సరిగ్గా అప్పుడే మా పెద్ద సారు వచ్చి నా వెనక నిలబడ్డాడు. ఆయన గోవా మనిషి, తెలుగు రాదు, కానీ మేం మాట్లాడుకున్న తీరు చూశాడు. ఈ ముసలాయన నీకు తెలుసా అని హిందీలో అడిగాడు. తెలుసంటే ఎందుకు ముందే చెప్పలేదంటాడు, చుట్టాల చేత మందు తెప్పిస్తున్నావంటాడు. పోయిన ఏడు ఒకణ్ణి ఇలాగే ఇంటికి పంపారు. తెలియదన్నాను.

ఆ మాట నా నోట్లో ఉండగానే సీసా బుస్సుమంది. బిరడా పోయి పైకప్పుకు తగిలింది. నురగంతా నా ముఖానికే. టోపీ, చొక్కా, మిషన్, అన్నీ కల్లే. పులిసిన ఈతకల్లు. నోట్లోకి కూడా పోయింది. ఉమ్మేద్దామంటే చుట్టూ జనం, ఎక్కడ ఉమ్మను? మింగాను. డ్యూటీలో చుక్క ముట్టనని సంతకం పెట్టినవాణ్ణి, డ్యూటీలో, మా పెద్ద సారు కళ్ళ ముందే కల్లు మింగాను. వరుసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. మిగిలింది బకెట్లో పారబోయమంటే నా చేతులతోనే పారబోశాను.

మీ బాపు అప్పుడు ఏం చేశాడో విను. రెండు చేతులూ జోడించి, "మాఫ్ కరో సాబ్, గల్తీ నాది, ఈ సారెవలో నాకు ఎర్క లేదు" అన్నాడు. ఆ తరువాత లక్షద్వీపాల దాకా పోయి వచ్చేదాకా నా ముఖం చూడలేదు. నేను ఎదురొస్తే సముద్రం వైపు తిరిగేవాడు. దిగేటప్పుడు మెట్ల దగ్గర ఆగి "నమస్తే సార్" అన్నాడు. అల్లుణ్ణి సార్ అనే మామను ఎక్కడన్నా చూశావా? కోపముంటే నాలుగు తిట్టాలి గానీ ఇట్లా ఎత్తిపొడవడమేమిటి? నాకు అన్నం సహించడం లేదు సాయిలతా. పెద్ద సారు చెప్పులో రాయిలా తయారయ్యాడు, మిషన్ నుంచి ఇంకా పులుపు వాసన వస్తోంది, అదీ నా ఖాతాలోనే.

ఇంతకూ ఆ కల్లు ఎందుకు? ఓడలో లేని మందు లేదు. నాలుగు దినాలు కల్లు లేకుండా ఉండలేని మనిషిని ఎందుకు పంపావు? దీనికి జవాబు చెప్పి ఆ తరువాత కోపం చేసుకో.

తప్పు నాదో మీ బాపుదో నువ్వే తేల్చాల్సిన,
సంపత్

*

మహమ్మద్‌నగర్

సంజన నాన్నకు,

సాయిలత రాస్తున్నది. నీ ఉత్తరం భీమేష్ తెచ్చి ఇచ్చాడు. చించలేదు. చించడానికి రెండుసార్లు పట్టుకున్నాను. ఇంత పొడుగున నీ చొక్కా గురించి, మిషన్ గురించి, మీ పెద్ద సారు గురించి రాశావు. సీసాలో ఏముందో కూడా రాశావు. ఎవరికోసమో మాత్రం నీకు తట్టలేదు. ఓడలో అంత తెలివి పనిచేసేవాడికి ఇంటి దగ్గరకు వచ్చేసరికి ఏమవుతుందో నాకు తెలియదు.

మన పెళ్ళయిన వానకాలం కాలువ గట్టు మీద నువ్వు ఈత మొక్కలు నాటావు. గుర్తుందా, మరిచావా? నేను నవ్వితే, మీ బాపు నేను అల్లుడిగా పనికొస్తానో లేదో చూస్తున్నాడు, నాటకపోతే ఎట్లా అన్నావు. బర్రెలు తినకుండా ముళ్ళకంప కట్టావు. అన్నీ పోయి ఒక్కటి బతికింది. ఈ చలికాలం బాపు దాన్ని గీయడం మొదలుపెట్టాడు.

మా ఇంటి పద్ధతి నీకు తెలుసు. కొత్త చెట్టు మొదటి కల్లు ఎల్లమ్మకు సాకగా ఇంత నేల మీద పోసి, నాటినవాడు తాగాలి. వాడి నోట్లో పడేదాకా ఇంట్లో ఎవరూ ముట్టరు, బయట ఎవరికీ పోయరు. నువ్వేమో సముద్రం మీద. బాపు పొద్దున్నే ఎక్కి కల్లు లొట్టి దించి, ఆ చెట్టు మొదట్లోనే పారబోసి వచ్చేవాడు. అల్లుడు వచ్చేదాకా గీయడం ఆపు అంటే, లేత చెట్టు, అదును తప్పితే పాడైతది బిడ్డా అన్నాడు. అట్లాంటప్పుడు దేవేందర్ బావ ఓడ సంగతి ఎత్తాడు. నిజాంసాగర్‌లో చిన్న పడవ ఎక్కడానికే భయపడే బాపు, వస్తానన్నాడు. ముసలితనంలో సరదా పుట్టిందని అందరం నవ్వుకున్నాం.

నన్ను ఒక్కటే అడిగాడు, అల్లుడు ఏ సీసా తెమ్మన్నాడని. నువ్వు చెప్పిందే చెప్పాను. వైన్ సీసా, దానికి సీలు. ఆ చెట్టు కల్లు పోయడానికి బావ ఇంట్లో ఖాళీ సీసా ఏరి, బూడిదతో తోమి, ఎండబెట్టాడు. కల్లుకు సీలు వేస్తే ఊకుంటదా బాపూ, చిన్నపిల్లకు తెలిసిన సంగతి గదా అన్నాను. "నాకు ఎర్క లేదా బిడ్డా? గని అల్లుడు సీలుండాలన్నడు. సీలు లేకుంట నేను పోతే ఆయన కొలువుకు మాటొస్తది" అన్నాడు.

కామారెడ్డిలో రైలెక్కినప్పటి నుంచి ఆ సీసాను ఒళ్ళోంచి దించలేదట. తువ్వాల తడుపుతూ, బిరడా వదులు చేసి పొంగు పోనిస్తూ, కంటి మీద కునుకు లేకుండా కూర్చున్నాడట. రైలు డబ్బా అంతా వాసనని అనిలక్క తల పట్టుకుందట. ఓడ దగ్గరికి వచ్చాకనే ఒక ఆటో చాటున కూర్చుని మైనం కరిగించి సీలు వేశాడట. వరుస అంత పొడుగుంటుందని ఆయనకేం తెలుసు? నీ రూలు తప్పలేదు, నీ మాట దాటలేదు. నువ్వేమో మనిషి కల్లు లేక ఉండలేడని రాశావు. ఓడ మీద ఉన్నన్ని రోజులూ ఆయన మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టలేదు.

నీ మీద చాడీ ఆయన చెప్పలేదు, అనిలక్క చెప్పింది. చెప్పినందుకు బాపు అక్కను కసిరాడు. "అల్లుడు తెల్వదన్నడు, నేను తెల్వదన్న. ఇద్దరం ఒక్క మాట మీద ఉన్నం. దాంట్ల తప్పేంది?" అన్నాడు. ముఖం తిప్పుకున్నది కూడా ఎవరన్నా చూసి నీ కొలువు తీస్తారని. సార్ అన్నది ఎత్తిపొడుపు కాదు. సంజనను పక్కన కూర్చోబెట్టుకుని, మీ నాన్న తెల్లబట్టలేసుకుని ఓడ దర్వాజ కాడ నిలబడతడు, ఆయన చూడంది ఎంత పెద్ద మనిషైనా లోపటికి పోలేడు అని వచ్చిన రోజు నుంచి చెబుతున్నాడు. ఆయనకు నీ మీద కోపం లేదు. కోపమంతా నాకే ఉంది. అందుకే ఫోను ఎత్తలేదు. ఎత్తితే ఏడుస్తాను, నువ్వు సిగ్నల్ లేదంటావు.

కానీ వచ్చాక ఆయన చెట్టెక్కలేదు. గీత కత్తి చూరులో దోపాడు, చెట్టెక్కే మోకు కొయ్యకు తగిలించాడు. నాటినోని నోట్లె పడలే, ఆ చెట్టు కల్లు ఇగ ఎవలకు పోస్తం అని ఒకసారి పక్కింటి శాంతవ్వతో అంటుంటే విన్నాను. అంతే, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. గట్టు మీదికి పోయి చెట్టును చూసి వచ్చేవాడు.

నిన్న సాయంత్రం నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. చదవమని పట్టుబట్టాడు. నువ్వు ఆయన్ని అన్న మాటలు మింగేస్తూ చదివాను, నీ పరువు కాపాడడం నాకు పెళ్ళినాడే రాసిపెట్టారు గదా. సీసా పేలిన కాడికి వచ్చాను. చదువుకుంటూ పోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆగు. ఆ ముక్క మల్ల సదువు."

మళ్ళీ చదివాను.

"మింగిండా?"

"మింగిండట బాపూ."

"ఉమ్మలే?"

"అంతమందిల ఎక్కడ ఉమ్ముడని మింగిండట."

బాపు తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. తరువాత లేచి కొయ్యకున్న మోకు తీసుకున్నాడు, చూరులోంచి కత్తి తీశాడు. మిగతా ఉత్తరం వినవా అంటే, అయిన ముచ్చట అయింది, ఇంక ఇనేదేముంది అని గట్టు దిక్కు నడిచాడు. ఎండిన గాటు మీద చెక్కు తీసి, కొత్త లొట్టి కట్టి వచ్చాడు. ఈ పొద్దున దించుకొచ్చి శాంతవ్వకు పోశాడు, వచ్చేపోయేవాళ్ళను పిలిచి పిలిచి పోశాడు. నాటినవాడికి ముట్టింది, ఓడ మీదనే ముట్టింది అని అందరికీ చెప్పాడు. నాకు ఒక గుక్కెడు పోశాడు. తియ్యగా ఉంది. నీకు పులిసింది దొరికింది, నీ ప్రాప్తం అంతే.

ఆయనకు నీతో ఉన్న లెక్క తీరింది. నాకు తీరలేదు. ఈ కాంట్రాక్టు అయిపోగానే రా. వచ్చి, తెలియదన్న నోటితోనే ఆయన్ని ఒకసారి మామా అని గట్టిగా పిలువు, నాలుగిండ్లకు వినబడేట్టు. అప్పుడు ఫోను ఎత్తుతాను, ఇంకేమన్నా చేస్తాను. ఈలోగా ఫోను చేస్తే ముందు బాపుకు చెయ్యి.

వచ్చేటప్పుడు సీసా గీసా ఏదీ తేకు. సీలు ఉన్నా సరే, మా గడప దగ్గర నిలబడి నేనే పారబోస్తాను. నువ్వు ఒక్కడివి రా.

నీ
సాయిలత