వంతెన మీద మోకరిల్లినవాడు

జూన్ 9

పొద్దున్నుంచి ముసురు. షెడ్డు రేకుల సందులోంచి వైండింగ్ బల్ల మీద కారుతుంటే తారు పూసి మూశాను. కాలిపోయిన పిండిమిల్లు మోటారుకు కొత్త తీగ చుట్టడం అయింది. వార్నిష్ ఆరాలి.

సాయంత్రం అన్న కూతురు వచ్చింది. టీవీకి ఒక పెట్టె తగిలించి, నా చేతిలో కంట్రోలర్ పెట్టి, బాబాయ్, ఇది ఇద్దరు ఆడే ఆట, రెండోవాడు నాన్న అంది. నాన్న ఒప్పుకున్నాడా అని అడిగాను. ఒప్పుకున్నాడు, షాపు పనివాళ్ళకి వదిలేసి రోజూ ఏడింటికి నా గదికొచ్చి ఆడతానన్నాడు, మైక్ మాత్రం వద్దన్నాడు, మాటలు మొదలైతే మళ్ళీ కొట్టుకు చస్తారుగా మీరిద్దరూ అంది. అదీ నిజమే.

అన్నయ్యతో మాట్లాడి ఆరేళ్ళు. నీళ్ళ పంపుహౌస్ మోటార్లు కాలిపోయినప్పుడు, అవి తను చుట్టినవని తెలిసి కూడా, ఇదంతా మా చిన్నోడి నిర్వాకం అని పనివాళ్ళందరి ముందు ఇంజనీరుకు చెప్పాడు. ఆ రోజే అన్నయ్య షాపు నుంచి బయటికి వచ్చి ఈ షెడ్డు వేసుకున్నాను. తప్పు నాదేరా అని ఒక్క మాట అంటే చాలని అప్పటి నుంచి చూస్తున్నాను. ఆ మోటార్లు అన్నయ్య చుట్టినవన్న సంగతి మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

జూన్ 10

మబ్బు. పిండిమిల్లు మోటారు ఇచ్చేశాను.

ఆట ఇంత అందంగా ఉంటుందనుకోలేదు. అన్నీ ఎవరో ఓపిగ్గా చేత్తో వేసిన బొమ్మల్లా ఉన్నాయి. మనిషి ఎడమ నుంచి కుడికి నడుస్తుంటే దగ్గరి చెట్లు గబగబా వెనక్కి పోతాయి. వాటి వెనక ఊరు మెల్లగా, కొండలు ఇంకా మెల్లగా కదులుతాయి. చందమామ అసలు కదలదు. ఒక చోట రాక్షసుడు వస్తుంటే ఆకుల మీద వాన చినుకులు చూస్తూ నిలబడి దెబ్బ తిన్నాను.

నేను కవచం తొడుక్కున్న సైనికుణ్ణి. అన్నయ్య లాంతరు పట్టుకున్న ముసలి మంత్రగాడు. నా కంటే బాగా ఆడుతున్నాడు. ఎప్పుడు నేర్చుకున్నాడో.

జూన్ 14

నాలుగు మోటార్లు. ఆటలో చిత్తడి అడవి దాటాం.

జూన్ 18

ఎండ కాసింది. వార్నిష్ త్వరగా ఆరింది.

మోకాళ్ళ నొప్పికి నడవమన్నారని మా ఆవిడ ఏడింటికి బయల్దేరుతుంది. నేను ఆడే వేళా అదే, ఇద్దరికీ కుదిరింది. వచ్చాక అన్నం వడ్డిస్తూ, మీ మంత్రగాడు ఇవాళేం చేశాడండీ అని అడుగుతుంది. చెప్తాను. ఇవాళ రెండు మందు సీసాలు దొరికితే నిండుది నాకు వదిలి సగం ఖాళీది తను తీసుకున్నాడని చెప్పాను. చిన్నప్పుడు పెద్ద ముక్క ఎప్పుడూ తనే లాక్కునేవాడు కదా, వయసు మార్చినట్టుందే అన్నాను. మార్చే ఉంటుందిలెండి అని ఇంకో గరిటె వేసింది.

తిన్నాను. ఈ మధ్య ఆకలి వేస్తోంది.

జూన్ 23, రాత్రి 9.40

గాజు వంతెన దగ్గరికి వచ్చాం. కింద జలపాతం. పడే నీళ్ళలో మిణుగురులు. వంతెన అవతల నిద్రపోతున్న ఒక పెద్ద పక్షి. లాంతరు ఆర్పి దాటాలి. అన్నయ్య ఆర్పడం మరిచిపోయాడు. పక్షి లేచి నన్ను ముక్కుతో పొడిచి చంపేసింది. ఈ ఆటలో చచ్చినవాడు మళ్ళీ లేస్తాడు. లేచాను.

మంత్రగాడు వెనక్కి వచ్చాడు. లాంతరు కింద పెట్టాడు. నా ముందు మోకరిల్లాడు.

దానికో మీట ఉంది. దండం పెట్టడానికి, కూర్చోవడానికి, చెయ్యి ఊపడానికి ఉన్నట్టే. పొరపాటున నొక్కాడేమో అనుకున్నాను. లేవలేదు. పక్షి అరుస్తోంది, నీళ్ళు పడుతున్నాయి, అలాగే ఉన్నాడు. నేను దగ్గరికి వెళ్ళి దండం పెట్టాకే లేచాడు.

కళ్ళద్దాలు రెండుసార్లు తుడుచుకున్నాను. మా ఆవిడకు చెప్తే తల వంచుకుని పప్పు కలుపుకుంటూ, పోన్లెండి అంది.

జూన్ 24, మధ్యాహ్నం

అన్నయ్య షాపుకు వెళ్ళాను. షెడ్డుకు తాళం వేసి, చొక్కా మార్చుకుని మరీ.

ఆరేళ్ళ తర్వాత ఆ గుమ్మం ఎక్కాను. అదే బల్ల. పనివాళ్ళలో ముగ్గురు పాతవాళ్ళే. అన్నయ్య తల ఎత్తి చూసి ఏంట్రా అన్నాడు. నిన్న నువ్వు అలా చేశాక ఇక నా మనసులో ఏం లేదన్నయ్యా అన్నాను. ఏం చేశాను అన్నాడు. వంతెన మీద అన్నాను. వంతెనేంట్రా, నిన్నంతా కదలకుండా ఈ షాపులోనే చచ్చాను కదా అన్నాడు. మంత్రగాడివి నువ్వే కదా అన్నాను.

ఆ మాట ఎందుకన్నానో.

ఒకడు కిసుక్కున నవ్వాడు. ఇంకొకడు, సార్, మంత్రగాడి టోపీ తెమ్మంటారా అన్నాడు. అన్నయ్య నవ్వలేదు. ఎండన పడి వచ్చినట్టున్నాడు, మా చిన్నోడికి మంచినీళ్ళివ్వండ్రా అన్నాడు. గ్లాసు చేతిలోకి వచ్చింది. తాగి వచ్చేశాను.

అదే రోజు, రాత్రి

అన్న కూతురు ఫోన్ ఎత్తలేదు. ఏడింటికి మా ఆవిడ నడకకు వెళ్ళింది. ఆట పెట్టాను. మంత్రగాడు వచ్చాడు, చెయ్యి ఊపాడు. నేను ఊపలేదు. కోట గుమ్మం దాకా వెళ్ళి నిలబడిపోయాను. నా పక్కనే అరగంట నిలబడ్డాడు. ఎనిమిదిన్నరకు మాయమయ్యాడు. కాసేపటికి మా ఆవిడ చెప్పులు విడిచిన చప్పుడు.

అన్నం ముందు కూర్చున్నాను. మంత్రగాడి గురించి అడిగింది. అబద్ధం చెప్పాను. కోట గుమ్మం దగ్గర నన్ను ఒక్కణ్ణే వదిలేసి పారిపోయాడు, ఎంతైనా వాడి బుద్ధి పోతుందా అన్నాను. ఎక్కడ పారిపోయాడండీ, చివరిదాకా మీ పక్కనే నిలబడి ఉంటేనూ అంది. అన్నాక గరిటె గిన్నెలో వదిలేసింది.

జూన్ 25

పని చేయలేదు.

జూన్ 26

వాన. మోటారు చుట్టబోతే తీగ రెండుసార్లు తెగింది. నా చేతిలో తీగ తెగదు.

మా ఆవిడ చెప్పిందంతా రాస్తాను. అన్న కూతురు వాళ్ళ నాన్నను అడక్కుండానే నాకు మాట ఇచ్చేసింది. తర్వాత అడిగితే ఆయన, ఆటలాడే వయసా నాది, పో అన్నాడు. పిన్నీ, నాన్నను ఒప్పించేదాకా నాలుగు రోజులు నువ్వు ఆడు అంది. ఈవిడ మర్నాడు పగలే రెండు వీధుల అవతల ఆ పిల్ల గదికి వెళ్ళి నేర్చుకుంది, సాయంత్రం నుంచి ఆడింది. నడక అంటే అదీ. ఎప్పటికప్పుడు ఇవాళే చివర అనుకునేదట. మీరు అన్నం అడిగి వేయించుకుంటున్నారు, రేడియోలో పాటకు గొంతు కలుపుతున్నారు, ఎలా ఆపనండీ అంది.

మరి మోకరిల్లడం ఎందుకు అని అడిగాను. చెయ్యాల్సిన మనిషి చెయ్యడు, ఎవరో ఒకరు చెయ్యాలి కదా అంది.

ఆడినందుకు కాదు నా కోపం. రోజూ నా ఎదురుగా కూర్చుని, తను చేసింది నా నోటితో చెప్పించుకుని, ఏమీ తెలియనట్టు విన్నది. అన్నయ్య మారాడే అని నేను పొంగిపోతుంటే ఇంకో గరిటె వేసింది. వంతెన మీద నేను ఆరేళ్ళ కోపం వదిలేశాను. ఎవరి మీది కోపం ఎవరికి వదిలేసినట్టు? అన్నయ్య మీద అది అలాగే ఉంది. పైగా ఇప్పుడు మంచినీళ్ళ గ్లాసు కూడా ఉంది.

ముప్పై ఏళ్ళ కాపురంలో నన్ను అంత మెత్తగా చూసుకున్నది ఆ మంత్రగాడే. అది తనే అంటే సంతోషించాలా? ఆ మెత్తదనం ఇంట్లో ఎందుకు లేదు? నేనూ ఎవరికీ దండం పెట్టింది లేదనుకో.

జూన్ 28

అన్న కూతురు వచ్చింది. గుమ్మంలోనే మాట్లాడాను. ఏడ్చింది. తప్పు నాదే బాబాయ్, నాన్నకు మొత్తం చెప్పేశాను, పనివాళ్ళ ముందే కడిగేశాను, పంపుహౌస్ మోటార్ల సంగతి కూడా అంది. అది నీకెలా తెలుసు అన్నాను. పిన్ని చెప్పింది అంది.

నేను ఒక్కరికే చెప్పిన మాట అది.

ఆయన ఏమన్నాడని అడగడానికి నోటిదాకా వచ్చింది. తలుపు వేశాను.

జూలై 2, సాయంత్రం 7.20

గాలి. లాండ్రీ మోటారు విప్పి పెట్టాను.

పెట్టె తిరిగి ఇచ్చేద్దామని, చివరిసారి బొమ్మలు చూద్దామని పెట్టాను. మంత్రగాడు వచ్చాడు. వెనక్కి తిరిగి చూశాను. మా ఆవిడ ఇంట్లోనే ఉంది, వాకిట్లో బట్టలు తీస్తోంది. పిలిచి చూపించి, ఎవరది అన్నాను. నా మీద ఒట్టండీ, నాకు తెలియదు అంది. తన ఒట్టు ఇప్పుడు నేనేం చేసుకోను.

ఈ మంత్రగాడికి నడవడమే రావడం లేదు. గోడకు కొట్టుకుంటాడు. లాంతరు వెలిగిస్తాడు, ఆర్పుతాడు, మళ్ళీ వెలిగిస్తాడు. చెయ్యి ఊపబోయి కూర్చుంటాడు. కాలవ దూకబోయి నీళ్ళలో పడ్డాడు. లేచాడు. మళ్ళీ పడ్డాడు. మా ఆవిడ ఇలా ఆడదు. ఆ పిల్ల అసలే ఇలా ఆడదు. లేక అన్నయ్యేనని నన్ను నమ్మించడానికి కావాలనే పడుతున్నారా?

కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని, మునగనీ అని చూస్తూ కూర్చున్నాను. ఎన్నిసార్లు పడినా ఆట ఆపి పోవడం లేదు. దూకే మీట గట్టిగా నొక్కి పట్టుకోవాలని ఆ మనిషికి ఎవరూ చెప్పినట్టు లేదు. మళ్ళీ లేచాడు. ఈసారి దూకలేదు. గట్టు మీద నిలబడి నా వైపు తిరిగాడు. నేను కాలవ దాకా వెనక్కి వెళ్ళి, మీట నొక్కి పట్టుకుని ఒకసారి దూకి చూపించాను.