కుడితి గోలెం

జూలై 28

ఇవాళ దిల్‌సుఖ్‌నగర్‌ కోచింగ్ సెంటర్లో డెంగీ తెచ్చే ఏడిస్ దోమ గురించి చెప్పాను. కాళ్ల మీద తెల్లచారలు. పగలు కుడుతుంది. మురుగు అక్కర్లేదు, మంచినీళ్లే కావాలి. గుడ్లు నీళ్ల అంచుకి కాస్త పైన, గోడకి అంటిస్తుంది. నెలలు ఎండినా చావవు, తడి తగిలితే పొదుగుతాయి. ఇది ఎగ్జామ్‌లో వస్తుందా మేడమ్ అని అడిగారు. వస్తుందన్నాను. అప్పుడు రాసుకున్నారు.

అల్మాస్‌గూడలో ఇంటికి చేరేసరికి వీధిలో దోమలకి ఫాగింగ్. దోమ మంచం కింద, పరదా వెనక హాయిగా ఉంటుంది. పొగ మాత్రం వీధిలో షికారు చేస్తుంది.

ఆగస్టు 2

గేటు పక్క గోలెంలో, అదే పాత నీళ్ల తొట్టిలో, లార్వాలు. తోక పైకి, తల కిందికి. నా నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుక్కి పోయాయి. మంచి ఆరోగ్యంగా ఉన్నాయి.

ఇంటి ఓనరు కౌసల్యమ్మ వాళ్ల బర్రెలు ఒకప్పుడు ఇందులోనే కుడితి తాగేవి. ఇది ఊరుగా ఉన్నప్పటి సంగతి. బర్రెల్ని అమ్మేశారు, పొలం ప్లాట్లయింది, నిరుడు ఆమె భర్త బాలమల్లు పోయాడు. గోలెం ఎండనియ్యకు అని చెప్పి పోయిండట. అందుకని రోజూ చెంబెడు పోసి నిండుగా ఉంచుతుంది. తాగడానికి ఎప్పుడో ఒక ఆవు వస్తుంది.

పురుగుల సంగతి చెప్పాను. దోమలు గా మోరీలకెల్లి ఒస్తున్నయ్, నీకేం ఎర్క అంది, వీధి మురుక్కాలువ చూపించి. కిరాయికున్నదాన్ని. పైకి వచ్చేశాను.

ఆగస్టు 9

కౌసల్యమ్మ మనవరాలు సింధుకి డెంగీ. రెండో క్లాసు పిల్ల. దవాఖానలో చేర్చారు.

ఆగస్టు 10

కింద ఇంట్లో ఎవరూ లేరు, అంతా దవాఖానలోనే. సిమెంటు గోలెం వంగదు, మగ్గుతో మొత్తం తోడి పారబోశాను. నడుం పట్టేసింది. నా మీద నాకే మెప్పు.

ఆగస్టు 14

ప్లేట్‌లెట్లు ఇంకా తగ్గాయట. క్లాసులో ఏం చెప్పానో గుర్తు లేదు.

ఆగస్టు 17

సింధు ఇంటికొచ్చింది. కౌసల్యమ్మ ఆటో దిగి, ఎండిన గోలెం చూసి, అక్కడే కూలబడి ఏడ్చింది. ఎవరు చేశారని అడగలేదు. మళ్లీ నింపింది.

ఆగస్టు 19

మళ్లీ లార్వాలు. సన్నవి, కొత్తవి. తోడానే గానీ గోడ రుద్దలేదు. ఏళ్ల తరబడి బోర్డు మీద రాస్తున్న ముక్కే. దీపం కింద చీకటి అంటే నేనే. సింధుకి రెండోసారి వేరే రకం డెంగీ వస్తే ఇంకా ప్రమాదం. భయమేస్తోంది.

ఆగస్టు 20

గాజుగ్లాసులో ఆ నీళ్లు పట్టుకెళ్లి కౌసల్యమ్మ ముందు పెట్టాను. తోడింది నేనేనని చెప్పాను. ఇల్లు ఖాళీ చెయ్యమంది. ఆయన యాది మీద నీ చెయ్యి ఎట్ల పడ్డది అంది. సరే చేస్తాను, ఒక్కటి చెప్పండి, బర్రెలున్నప్పుడు దీన్ని ఎవరు కడిగేవారు అని అడిగాను.

ఇంకెవరు, ఆయనే కడిగేటోడు అంది. పొద్దుగాల బర్రెలు తాగినంక బూడిదేసి పీచుతోని రుద్దేటోడట. పాచి వాసనొస్తే బర్రె మూతి పెడ్తదా అని నన్నే అడిగింది.

గ్లాసు వెలుతురుకి ఎత్తి చూసింది. గీ నీళ్లు ఆయన పోసేటివి కావు అంది.

ఆగస్టు 21

పొద్దున్నే గరగరమని చప్పుడు. కౌసల్యమ్మ గోలెంలో దిగి రుద్దుతోంది. నన్ను చూసి ఇంకో పీచు విసిరింది.

నీళ్లు పోసే ముందు పాచి మిగిలిందేమోనని గోడంతా అరచేత్తో తడిమింది. ఆయన గిట్లనే చూసేటోడట.