తాడు రెండో కొస

చెల్లికి అక్క దీవెనలు. ఇక్కడ అమ్మా, నేనూ కులాసా. మోకాలి సంగతి వేరే చెబుతాను. మోకాలి వల్ల నేను ఆగిపోయినప్పటి నుంచి నీ పక్కన తాడు పట్టుకుని పరిగెడుతున్న అమ్మాయికి కూడా దీవెనలు చెప్పు. చెప్పేదేముంది, తనే చదువుతోందిగా. నీకు చూపు లేదు కాబట్టి నా ఉత్తరాలన్నీ ముందు తన కళ్ళలోనే పడాలి.

అమ్మ ఏమంటోందని అడిగావు. "కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది" అంటోంది. నిజమే. నేను పనిచేసే మందుల షాపులో నా కోసం స్టూలు వేయించారు. కూర్చున్నదానికన్నా లేచిందే ఎక్కువ. దగ్గు మందు తీయడానికి కూడా ఒంటికాలి మీద వంగి చూస్తాను, నొప్పి వస్తుందేమోనని. మెట్లు ఊరికే ఎక్కి దిగుతాను. ఫిజియోథెరపిస్టు తల పట్టుకున్నాడు. "మీ మోకాలు పరుగుతో వాయలేదండీ, మీ పరీక్షలతో వాచింది. కాస్త దాన్ని మరిచిపోండి" అన్నాడు. మరిచిపోయే మనిషినైతే ఆయన దగ్గరికి ఎందుకు వెళ్తాను?

తర్వాత బుద్ధిగానే ఉన్నాను. ఒక కరెంటు స్తంభం దాకా పరుగు, తర్వాతి స్తంభం దాకా నడక. మర్నాడు పొద్దున నొప్పి లేకపోతే ఇంకాస్త. ఆ మధ్య గ్రౌండు చుట్టూ ఆగకుండా తిరిగొచ్చాను. సంతోషంతో ఏడుపొచ్చింది. ఇంటికి రాగానే నీకు "బాగైపోయింది, పందెంలో నీ పక్కన నేనే" అని రాసిపారేశాను. అది విని గంతులేశానన్నావు. అందుకే ఇప్పుడు చేయి ఆడటం లేదు.

నిన్న మన తాడు తీశాను. ఒక కొస నా మణికట్టుకు కట్టుకుని, రెండోది అమ్మ చేతికిచ్చాను. నవ్వకు. అమ్మ చెప్పులు విడిచేసి, గట్టిగా కళ్ళు మూసుకుని నా పక్కన పరిగెత్తింది. తిన్నగా ఉన్నంతసేపు బాగానే ఉంది. మలుపులో అమ్మ నా మీదికి ఒరిగింది, అచ్చం నువ్వు ఒరిగినట్టే. నా మోకాలు పట్టు తప్పింది. ఇద్దరం పడ్డాం. అమ్మకు అరచేయి గీరుకుంది, అంతే. "నీ పరీక్షలో నేను పాసా?" అంది. నాకు నవ్వు రాలేదు. ఒంటరిగా పరిగెత్తేటప్పుడు మలుపులో తెలియకుండానే ఆ కాలి మీద బరువు పడకుండా చూసుకుంటున్నాను. నీ పక్కన అలా కుదరదు. నేను పడితే నువ్వూ పడతావు.

పందెంలో నీతో నేను పరిగెత్తను.

ఇంకో మాట. బాగైపోయిందని అంత తొందరపడి రాయడానికి కారణం సంతోషం ఒక్కటే కాదు. నీ ప్రతి ఉత్తరంలో ఆ అమ్మాయి మెప్పే. నాకు ఒళ్ళు మండేది. నువ్వు చెబుతుంటే రాసేది తనే కదా, తన గొప్ప తనే రాసుకుంటోందని కూడా అనుకున్నాను. ఎంత బుద్ధి తక్కువదాన్నో చూడు.

అమ్మాయీ, మొహమాటపడి ఇక్కడ ఆపకు, పైకే చదువు. మలుపు రాకముందే చెప్పాలి, వచ్చాక కాదు. దాహం లేదంటుంది, నమ్మకు. చివర్లో నిన్ను లాక్కుపోతుంది, పోనీ. పందెం ముగిసే గీత దగ్గర మాత్రం నువ్వు ఒక్క అడుగు వెనక ఉండాలి, ముందు దాటాల్సింది తనే. ఆ అడుగు తగ్గడం నాకు ఎప్పుడో వచ్చేసిందనుకున్నాను. రాలేదు, ఇప్పుడు నేర్చుకుంటున్నాను.

తాడు కవర్లో పెట్టాను. నా చెమటకి ఒక కొస నల్లబడింది, ఏమీ అనుకోకు.

ఇట్లు,
గీత అవతల నిలబడి కేకలు పెట్టబోయే,
మీ ఇద్దరి అక్క