వద్దమ్మ సంతకం

నవంబర్ 4

రిస్క్ డిపార్ట్‌మెంట్‌కి మారి పదకొండు రోజులు. కిటికీ పక్క సీటు. ఎదురుగా గ్లాస్ రూమ్‌లో మా చీఫ్ రిస్క్ ఆఫీసర్. ఆఫీసంతా చాటుగా ఆవిణ్ని వద్దమ్మ అంటారు. సేల్స్ వాళ్లు ఏ కొత్త ఇన్సూరెన్స్ పాలసీ పట్టుకొచ్చినా ఆఖరి పేజీ దాకా చదివి, కింద "వద్దు" అని రాస్తుందట. ఇవాళ నా రిపోర్టులో ఒక కామా కొట్టేసింది. ఆవిడంటే భయం.

నవంబర్ 12, మధ్యాహ్నం 3

రాసుకుంటే గానీ కుదురు రాదు.

నదికి రెండు గట్ల మీదా గోడౌన్లు. అన్నిటికీ వరద ఇన్సూరెన్స్ మాదే. వరదొస్తే ఏదో ఒక గట్టే మునుగుతుంది, రెండూ ఒకేసారి మునగవు అని మా మోడల్ లెక్క. అందుకే మా కంపెనీ తన నష్టాలకి వేరే కంపెనీ దగ్గర తీసుకున్న రీఇన్సూరెన్స్ కూడా ఒక గట్టుకే సరిపోతుంది. ఇవాళ ఎందుకో మ్యాప్‌ని బాగా వెనక్కి లాగి చూశాను. పైన డ్యామ్. రెండు గట్లకీ అదొక్కటే. గేట్లన్నీ ఎత్తేస్తే నీళ్లు కుడిగట్టా ఎడమగట్టా అని అడిగి రావు. రెండూ ఒకే రోజు మునిగితే మేం క్లెయిములు కట్టలేం. కంపెనీ మూతే.

ఇంత సింపుల్. తొమ్మిదేళ్లుగా ఎవరి కంటా పడలేదు.

మోడల్ కింద సంతకం వద్దమ్మది.

సాయంత్రం

మా ఆయనకి చెప్పాను. ఉల్లిపాయలు తరుగుతూ అంతా విన్నారు. పైవాళ్ల తప్పు పట్టుకోవడం కొరివితో తల గోక్కోవడమే అన్నారు. తరిగినవి గిన్నెలో వేసి, అయినా నీకు గోక్కోకపోతే నిద్రపట్టదు కదా అన్నారు.

నవంబర్ 13

చెప్పలేదు.

నవంబర్ 14

చెప్పలేదు. లిఫ్ట్‌లో ఆవిడే అడిగింది, ఒంట్లో బాలేదా అని.

నవంబర్ 15

చెప్పాను. నిలబడే చెప్పాను.

ఆవిడ మ్యాప్ చూసింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. డ్యామ్ మీద వేలు పెట్టి కుడిగట్టు దాకా గీసింది. మళ్లీ డ్యామ్ నుంచి ఎడమగట్టు దాకా. ఇంకెవరికైనా తెలుసా అంది. మా ఆయనకి తెలుసన్నాను. నవ్వింది. ఒక్క సెకను. తలుపు వేసి వెళ్లమంది.

సాయంత్రం దాకా అలాగే కూర్చుంది. ఫోన్ మోగినా ఎత్తలేదు. నా ఉద్యోగానికి నీళ్లొదిలేసుకున్నాను.

నవంబర్ 18

ఎండీ గారు ఆవిడ గదికొచ్చారు. నన్నూ పిలిచారు. గట్టిగా ఏం మాట్లాడలేదు. దిద్దుకుందాం, కాకపోతే ఏడాది రిజల్ట్స్ బయటికెళ్లాక, అన్నారు. మోడల్ అప్‌డేట్ అని ఒక్క లైన్ రాస్తే చాలు, మీ పేరూ చెడదు అన్నారు. ఆయన చెడ్డాయనేం కాదు. నాకూ సబబుగానే తోచింది.

ఆవిడ అడిగింది ఒక్కటే. అంతవరకూ గేట్లు ఎత్తొద్దని ఎవరికి చెప్పాలి అని.

ఎండీ గారు లేచి వెళ్లిపోయారు.

నవంబర్ 26

బోర్డు మీటింగ్. స్లైడ్లు నడపడానికి నన్ను తీసుకెళ్లింది. పొడుగు టేబుల్, పన్నెండు కుర్చీలు, ఎవరి ముందు వాళ్లకి నీళ్ల సీసా.

మొదటి స్లైడ్‌కి నేను పెట్టిన హెడ్డింగ్ "మోడల్ సవరణ". తెరిచేసరికి అది లేదు. "నా తప్పు" అని ఉంది.

ఆవిడ లేచి నిలబడింది. అక్కడ ఎవరూ నిలబడి మాట్లాడరు.

"తొమ్మిదేళ్లుగా ఈ లెక్క కింద సంతకం నాది. లెక్క తప్పు. నన్ను నమ్మి మీరు ఒప్పుకున్నారు. ఇన్నాళ్లూ కంపెనీ నిలబడింది వానలు దయతలచబట్టి. నా వల్ల కాదు."

ఒక్కరూ సీసా ముట్టుకోలేదు. చైర్మన్ గారు, రిటైరైన ఇంజనీరు, ఎవరు కనిపెట్టారని అడిగారు. ఆవిడ నా వైపు తిరిగి పేరు చెప్పింది, ఇంటిపేరుతో సహా. నా ఇంటిపేరు ఆవిడకి తెలుసని నాకు తెలీదు. తర్వాత రాజీనామా కాగితం టేబుల్ మీద పెట్టింది.

అయిదడుగులుండదు మనిషి. ఆ గదిలో నాకింకెవరూ కనపడలేదు.

చైర్మన్ గారు కాగితం వెనక్కిచ్చేశారు. అలాగని వదిలెయ్యలేదు. రెండు గట్లకీ రీఇన్సూరెన్స్ వెంటనే కొనాలి. ఆవిడ సంతకం పెట్టిన ప్రతి మోడలూ బయటివాళ్లు తిరగేసి చూడాలి. అంతవరకూ ఆవిడ దేని మీదా సంతకం పెట్టకూడదు. మీటింగ్ మినిట్స్ పుస్తకంలో ఆ ఆఖరి మాట వచ్చిందో లేదో ఆవిడే అడిగి చదివించుకుంది.

డిసెంబర్ 9

రిజల్ట్స్ తగ్గుతాయట. సేల్స్ వాళ్లు నాతో టీ తాగడం మానేశారు. నన్ను చిన్న వద్దమ్మ అంటున్నారట. ఇంట్లో మా ఆయన కూడా మొదలుపెట్టారు.

డిసెంబర్ 20

రీఇన్సూరెన్స్ పత్రాలు వచ్చాయి. చెక్ చేసినట్టు నేను సంతకం పెట్టాలి. ఆవిడ పక్కన కూర్చుంది. చదివావా అంది. చదివానన్నాను. మళ్లీ చదవమంది.

నలభై పేజీలు. చదివాను. తర్వాత పెట్టాను.

జనవరి 17

బయటివాళ్ల రిపోర్టు వచ్చింది. ఇంకో తప్పు దొరికింది, చిన్నది. అదీ ఆవిడే వెతికి చూపించిందట. సంతకం తిరిగిచ్చారు.

జనవరి 18, పొద్దున

నది దగ్గరికి వెళ్లాం. తొమ్మిదేళ్లలో ఆవిడ దీన్ని చూడటం ఇదే మొదలట. మోకాలి లోతు కూడా లేదు. చెప్పులు విప్పి దిగింది. చాలాసేపు అలాగే నిలబడింది. చల్లగా ఉందా మేడమ్ అని అడిగాను.

దిగి చూడమంది.