నేలమీది కాగితాలు

బుడా పట్నం, హంగరీ దేశం
డ్రాగన్ సంవత్సరం, ఆరో నెల

అకిట్ తల్లికి,

నా రాత కోడి గెలికినట్టుంటుంది, తప్పులూ ఉంటాయి. ఊరి బడిలో మూడేళ్లు చదివినవాడిని, మన్నించు. నేను బాగున్నాను. నువ్వూ, అకిట్, పందిపిల్లలూ బాగుంటే అంతే చాలు.

నువ్వు అడిగినవాటికి జవాబు. జడ కత్తిరించలేదు. మగవాడికి జడేమిటని వీధి పిల్లలు లాగుతుంటే టోపీలో దాస్తున్నాను. అయ్యగారు తింటున్నారా అన్నావు. తింటారు, తిడతారు. ఇక్కడ అన్నిటికీ ఎర్ర మిరప్పొడే. బియ్యం దొరికినా పాలూ పంచదారా పోసి చెడగొడతారు.

ఈ మనిషితో వేగలేను. మన దేశాన్ని బాగుచేస్తానని తలకు వెల కట్టించుకుని పారిపోయి వచ్చారు కదా, ఇక్కడైనా కుదురుగా ఉంటారా? గోపురం కనిపిస్తే ఎక్కాలి. జైలు కనిపిస్తే లోపలికి వెళ్లాలి. నిన్న మురుగుకాలువ మూత తీయించి తొంగిచూశారు.

"షెక్ మామా, చూశావా! మన కాంటన్‌లో ఇలా కడితే కలరా వస్తుందా?"

"ముందు ముక్కు మూసుకోండయ్యా."

"నీలాంటివాళ్ల వల్లే దేశం ఇలా ఉంది."

"అరిగేది నా మోకాళ్లండీ, దేశానివి కావు."

చూసిందల్లా రాస్తారు. ఆ ప్రయాణాల పుస్తకం పూర్తయిన రోజు నన్ను ఓడ ఎక్కిస్తానన్నారు. నా తలకు ఎవరూ వెల కట్టలేదు గనక నేను ఇంటికి రావచ్చు. ఎప్పుడొస్తావని అడిగావు. అదే చెప్పలేక ఇంతసేపూ మురుగుకాలువ గురించి రాశాను.

అయ్యగారు పనికిరాని కాగితాలు నేలమీద పడేస్తారు, మంచివి పెట్టెలో పెడతారు. గది ఊడ్చే పిల్ల వాటిని తొక్కుతుంది, ఒకసారి వాటిలో బూట్లు కూడా చుట్టింది. నా ప్రాణం చివుక్కుమంది. రాత కాగితం తొక్కినవాళ్లు వచ్చే జన్మలో గుడ్డివాళ్లవుతారు కదా. మన ఊళ్లో బుట్ట పట్టుకుని వాటిని ఏరి, గుడి పొయ్యిలో కాల్చి, బూడిద ఏట్లో కలిపింది మా నాన్నే. మొన్న అయ్యగారు బయటికెళ్లినప్పుడు నేనూ అదే చేశాను. నేలమీదివన్నీ ఏరి, కళ్లకద్దుకుని, కాల్చి, బూడిద డాన్యూబ్‌లో కలిపి దండం పెట్టాను.

వానకు పెట్టె తడిసిందని ఆయన మంచి ప్రతినే నేలమీద ఆరబెట్టి వెళ్లారట. ఇటలీ నుంచి ఇక్కడిదాకా రాసినదంతా. ఆయన గొలుసు రాత నాకేం తెలుస్తుంది?

"మామా, కాగితాలేవి?"

"కాల్చానండి. మర్యాదగానే."

"బూడిద?"

"ఏట్లో కలిపానండి."

కొడతారనుకున్నాను. కుర్చీలో కూలబడ్డారు. "మా అమ్మా ఇలాగే కలిపేది," అన్నారు. ఆ తల్లిని ఆయన ఇక చూడగలరో లేదో. తర్వాత ముఖం తుడుచుకుని, "సిరా కడ్డీ నూరు మామా, ఇటలీ నుంచి మొదలుపెడదాం," అన్నారు.

నూరుతున్నాను. ఈ ఏడు రాలేను. కోపం ఆయన మీదా, నా మీదా, ఆ వాన మీదా వస్తోంది.

నీ ఉత్తరాలు కూడా చదివాక కాల్చడమే మర్యాద. ఒక్కటీ కాల్చలేదు. పరుపు కింద పెట్టుకుని పడుకుంటున్నాను. ఆ పాపం నాకే తగలనీ. ఇంకొకటి తొందరగా రాయి.

ఇట్లు,
అకిట్ నాన్న
షెక్