ఫ్లాష్ కొట్టనని మాటిచ్చాను

అశోక్‌నగర్,
ఆదివారం.

నాయినకు నర్మద దండాలు. ఇక్కడ నేనూ, నీ అల్లుడూ సుఖంగా ఉన్నాము. అక్కడ నువ్వు, అమ్మ, తమ్ముడు కరుణాకర్ బాగున్నారనుకుంటాను. ఫోనులో వినపడక నువ్వు "ఆఁ? ఆఁ?" అంటుంటే అరిచి అరిచి నా గొంతు పోతున్నది. ఉత్తరమే నయం.

జ్వరం తగ్గిందా అన్నావు. ఎప్పుడో తగ్గింది. నారాయణగూడలో మన స్టూడియో ముందు రోడ్డు తవ్వి పోయారు, దుమ్ము తుడవలేక చస్తున్నాను. కొత్త కెమెరా కొన్నావా అన్నావు. కొనలేదు. పాతదానితోనే ఏం చేశానో చెప్తాను, కూర్చుని చదువు.

పోయిన నెల జ్యోత్స్న అనే ఆమె స్టూడియోకు వచ్చింది. కూతురు శ్రీదివ్యకు పద్నాలుగేళ్లు, కూచిపూడి నేర్చుకుంటున్నది. రెండేళ్ల కింద ఆడుతుండగా ఫ్లాష్‌లు వరసగా మెరిసి, ఫిట్స్ వచ్చి స్టేజీ మీదే పడిపోయిందట. మళ్లీ స్టేజీ ఎక్కలేదు. ఇప్పుడు చిక్కడపల్లిలో ఒక హాలులో ప్రోగ్రాం.

"ఫ్లాష్ కొట్టనని మాటిస్తెనే ఎక్కుతదంట. ఇద్దరు ఫోటోగ్రాఫర్లు రామన్నరు. మీరన్నా జర చూడుండ్రి అక్కా" అని నా చేతులు పట్టుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగి సరే అనేశాను.

పక్క స్టూడియో నగేష్ నవ్వాడు. "ఆ మసక స్టేజీల ఫ్లాష్ లేకుంటె ఏమొస్తది అక్కా? దయ్యాలొస్తయి!" నాకు ఒళ్లు మండింది.

రిహార్సల్‌కు పోయి తీస్తే నిజంగా దయ్యాలే వచ్చాయి. షట్టర్ నిదానం చేస్తే చేతులు, కాళ్లు చెదిరిపోయాయి. వేగం పెంచితే చీకటి. వెలుతురు ఎక్కువ పట్టాలని ఐఎస్ఓ పైకి తోస్తే ముఖం నిండా ఇసుక చల్లినట్టు చుక్కలు. విసుగొచ్చి కెమెరా పక్కన పెట్టి ఊరికే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు తట్టింది. జతి ముగిసిన చోట ఆ పిల్ల ఒక్క క్షణం కదలకుండా నిలబడుతుంది! ఇక వారం రోజులు వాళ్లింటికి పోయి, మోకాలి మీద తాళం వేస్తూ, ఆ క్షణం ఎప్పుడొస్తుందో నేర్చుకున్నాను. పప్పు కలుపుతూ కూడా తకిట తకిట అంటుంటే నీ అల్లుడు పరేషాన్.

ప్రోగ్రాం రోజు పిల్ల ముఖానికి సరిపడా వెలుతురు చూసుకుని, నిలబడ్డప్పుడే నొక్కాను. నలభై ఫోటోలు, నాయినా! కాటుక గీత, చెమట చుక్క కూడా తేటగా వచ్చాయి. పిల్ల చివరిదాకా ఆడింది. ఫోటోలు చూసి "అమ్మా, ఆడేటప్పుడు నేను ఇట్ల ఉంటనా?" అంది. తల్లి ఏడ్చేసింది, నేనూ ఏడ్చాను. నగేష్ మాత్రం "ఏం కెమెరా కొన్నవక్కా?" అని ఇప్పటికీ వెంటపడుతున్నాడు.

ఒక మాట దాచాను. నన్ను గెలిపించింది తాళం ఒక్కటే కాదు. బీరువాలో నీ పాత ఫిల్మ్ కెమెరా లెన్స్ పోయిందని, తమ్ముడే అమ్ముకున్నాడని రాశావు. వాడికి ఏ పాపమూ తెలియదు. దసరాకు వచ్చినప్పుడు నేనే చీరల మధ్య పెట్టుకుని తెచ్చాను. ఇన్నాళ్లూ భయపడి బయటికి తీయలేదు. ఆ వారమే రెండూ అతికేలా మధ్యలో చిన్న రింగు వేసి నా కెమెరాకు బిగించాను. నా లెన్స్ కన్నా నాలుగింతలు వెలుతురు లోపలికి తెస్తున్నది. డిజిటల్‌కు అది పనికిరాదు, ముట్టుకోకు అన్నది నువ్వే.

తప్పయింది. తమ్ముణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని ఒక మంచి మాట చెప్పు. శ్రీదివ్య ఫోటో ఇందులో పెట్టాను. ముందు అది చూడు, తర్వాత ఎంత తిట్టాలో అంత తిట్టు. లెన్స్ మాత్రం ఇవ్వను.

ఇట్లు,
దొంగతనం ఒప్పుకున్న నీ పెద్దబిడ్డ,
నర్మద